రేడియేటర్ ముందా, పైనా? తెగని వాదన మీద ఒక సమీక్ష

డెస్క్‌టాప్ కంప్యూటర్‌కు నీళ్లతో చల్లబరిచే కూలర్ కొనాలా వద్దా అన్న చర్చ చాలావరకు సద్దుమణిగింది. కొన్నాక దాని రేడియేటర్‌ను క్యాబినెట్‌లో ఎక్కడ బిగించాలన్న చర్చ మాత్రం ఏటేటా ముదురుతోంది. ముందువైపు పెట్టి బయటి గాలిని లోపలికి లాగించమనేది ఒక పక్షం. పైకప్పుకు బిగించి వేడిని బయటికి తోలించమనేది ఇంకో పక్షం. గొట్టాలు పైకుండాలా కిందికుండాలా, ఫ్యాన్లు గాలిని రేడియేటర్‌లోకి తోయాలా అందులోంచి లాగాలా, 27 మిల్లీమీటర్ల మందం చాలా 60 కావాలా అన్న పిల్లవాదాలు దీనికి తోడు. ప్రతి పక్షం చేతిలోనూ కొలతలున్నాయి. వాటిలో చాలావరకు నిజాయితీగా తీసినవే. అయినా అవి ఒకదానితో ఒకటి పొసగవు, ఎందుకంటే ఒక్కో సలహా ఒక్కో కాలపు యంత్రాన్ని, ఒక్కో రకం పనిని మనసులో పెట్టుకుని పుట్టింది. యంత్రాలు మారిపోయినా సలహాలు మాత్రం అలాగే నిలిచిపోయాయి.

నీళ్లు పెట్టెలోకి వచ్చిన దారి

కంప్యూటర్లకు నీళ్లు కొత్తేమీ కాదు. ఐబీఎం 1980లో ప్రకటించిన 3081 మెయిన్‌ఫ్రేమ్‌లో చిప్‌ల వేడిని నీళ్లే మోసుకుపోయేవి. ఇళ్లలోకి ఆ పద్ధతి వచ్చింది 1990ల చివర, ఓవర్‌క్లాకింగ్ మోజున్నవాళ్ల చేతుల మీదుగా. కారు హీటర్‌లోని చిన్న రేడియేటర్, అక్వేరియం పంపు, లేత్ మీద తొలిపించుకున్న రాగి దిమ్మె: అప్పటి సరంజామా అంతే. పట్టేంత చోటు లేక రేడియేటర్ చాలాసార్లు పెట్టె బయటే వేలాడేది. తర్వాత కొరియా కంపెనీ జాల్మన్ అమ్మిన రెజరేటర్ కూడా కంప్యూటర్ పక్కన నిలబెట్టుకునే ఫ్యాన్ లేని స్తంభమే. ఎక్కడ బిగించాలన్న ప్రశ్నకు అప్పట్లో తావే లేదు. ఆపిల్ 2004లో తెచ్చిన 2.5 గిగాహెర్ట్‌జ్ పవర్ మ్యాక్ జీ5 నీటి వ్యవస్థను పెట్టె లోపలికి తెచ్చింది కానీ, వాటిలో కొన్ని కాలక్రమేణా కారడం మొదలుపెట్టి ఆ పద్ధతికే చెడ్డపేరు తెచ్చాయి.

మలుపు 2009. డెన్మార్క్ సంస్థ అసెటెక్ తయారుచేయగా కోర్సెయిర్ అమ్మిన హెచ్50లో పంపు ప్రాసెసర్ మీది పలకలోనే ఇమిడిపోయింది. ఫ్యాక్టరీలోనే నీళ్లు నింపి సీలు వేసిన ఈ రకాన్ని ఇప్పుడు అందరూ ఏఐవో అంటున్నారు. 120 మిల్లీమీటర్ల ఆ రేడియేటర్ వెనక ఫ్యాన్ ఉండే చోట కూర్చునేది. ఆ ఫ్యాన్ బయటి గాలిని లోపలికి లాగేలా బిగించమని కంపెనీయే సిఫారసు చేసింది. ఆ సలహా ఆనాటి యంత్రానికి సరిగ్గా సరిపోయింది. కోర్ ఐ7-920 లాంటి ప్రాసెసర్ 130 వాట్లది. నాటి ప్రధాన గ్రాఫిక్స్ కార్డులు చాలావరకు బ్లోయర్ రకం, అంటే తమ వేడిని తామే పెట్టె వెనక నుంచి బయటికి ఊదేసుకునేవి. లోపలి గాలి కోసం పోటీ తక్కువ కనుక రేడియేటర్‌కు చల్లగాలి ఇవ్వడం వల్ల పెద్దగా నష్టపోయేవారు లేరు.

పెట్టెలు కూడా ఆ వెంటే మారాయి. ఎన్‌జెడ్ఎక్స్‌టీ 2014లో తెచ్చిన హెచ్440లో డీవీడీ డ్రైవ్ అరలు మాయమయ్యాయి. ఆ దారినే మిగతావీ నడిచి, ముందు ముఖమంతా రేడియేటర్‌కు ఖాళీ అయింది. 2018లో జర్మన్ ఓవర్‌క్లాకర్ డెర్‌బాయర్‌తో కలిసి లియన్ లీ తయారుచేసిన పీసీ-ఓ11 డైనమిక్‌లో కింద, పక్కన, పైన మూడుచోట్లా 360 రేడియేటర్లు పడతాయి. సరిగ్గా అదే ఏడాది గ్రాఫిక్స్ కార్డు కూడా దారి మార్చుకుంది. ఎన్‌విడియా తన ఆర్‌టీఎక్స్ 2080 ఫౌండర్స్ ఎడిషన్‌లో బ్లోయర్‌ను వదిలేసి రెండు విడి ఫ్యాన్లు పెట్టింది. అప్పటికే ఇతర కంపెనీల కార్డులు చాలా ఆ పద్ధతిలోనే ఉండేవి. అక్కడి నుంచి కార్డు వేడి ఎక్కువ భాగం పెట్టెలోనే పడుతోంది. ముందా పైనా అన్న తగువు నిజంగా రాజుకున్నది ఇక్కడే.

డబ్బా మీది 360, లోపలి 397

తగువు కన్నా ముందు వచ్చే చిక్కు కొలతలది. ‘360’ అన్నది మూడు 120 ఫ్యాన్ల పొడవు మాత్రమే. రెండు కొసల్లోని నీటి తొట్టెలను కలిపితే రేడియేటర్ అసలు పొడవు 395 నుంచి 400 మిల్లీమీటర్ల దాకా పోతుంది. 240 రకం కూడా 275 దాటుతుంది. ఫ్యాన్ల రంధ్రాలు సరిపోయి, తొట్టె వెళ్లి విద్యుత్ సరఫరా పెట్టె మూతకు తగలడం కొత్తవాళ్లకు ఎదురయ్యే మామూలు దెబ్బ.

మందం దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. మామూలు ఏఐవో రేడియేటర్ 27, ఫ్యాన్ 25, మొత్తం 52 మిల్లీమీటర్లు. ఆర్కటిక్ లిక్విడ్ ఫ్రీజర్ రకాల్లో రేడియేటర్ ఒక్కటే 38, ఫ్యాన్‌తో 63. పైకప్పు కింద ఆ 11 మిల్లీమీటర్ల తేడాకే మదర్‌బోర్డు హీట్‌సింక్ అడ్డుపడుతుంది, లేదా ఎత్తయిన ర్యామ్ ఫ్యాన్‌కు ఒరుసుకుంటుంది. అలంకారపు రేకులు లేని ర్యామ్ 32 మిల్లీమీటర్ల లోపు ఉంటే, రంగుల దీపాల ర్యామ్ 50 దాటిపోగలదు. మంచి క్యాబినెట్లు పైకప్పు రంధ్రాలను అద్దం తలుపు వైపుకు జరిపి ఈ గొడవ తప్పిస్తాయి. చవక పెట్టెలు డబ్బా మీద ‘360 సపోర్ట్’ అని వేసి, షరతులన్నీ మాన్యువల్ వెనక పేజీలో దాచుకుంటాయి.

ముందువైపు బిగిస్తే కోత పడేది గ్రాఫిక్స్ కార్డు పొడవుకు. కార్డుకు 360 మిల్లీమీటర్ల చోటుందని పెట్టె చెబితే, ముందు ఫ్యాన్‌ను కలిపి కొలిచారా కలపకుండా కొలిచారా చూడాలి. కలిపి కొలిస్తే రేడియేటర్ తర్వాత 333 మిగులుతుంది, కలపకపోతే 308. ఇప్పటి పెద్ద కార్డులు 340 దాటుతున్నాయి కనుక ఈ ప్రశ్న అడగకుండా కొనడం జూదమే.

వైశాల్యం లెక్కలో ఒక అన్యాయం కూడా ఉంది. రెండు 120 ఫ్యాన్ల ముఖం 288 చదరపు సెంటీమీటర్లు, మూడింటిది 432. రెండు 140 ఫ్యాన్ల 280 రకానిది 392. అంటే 240కి 36 శాతం పైన, 360కి పది శాతం లోపు కింద. పొడవు చాలని పెట్టెలకు 280 చక్కని మందు. అయినా అంకె చిన్నదిగా కనిపిస్తుందేమో, కొనేవాళ్ల కళ్లు నేరుగా 360 మీదికే పోతాయి.

స్క్రూల గురించి ఒక్క మాట. ఫ్యాన్ గుండా పోయేవి సుమారు 30 మిల్లీమీటర్లవి, పెట్టె రేకు గుండా పోయేవి ఐదారు మిల్లీమీటర్లవి. మొదటివాటిని ఫ్యాన్ లేకుండా బిగిస్తే అవి సూటిగా నీటి గొట్టంలోకి దిగుతాయి. అలాంటి రేడియేటర్‌ను ఏ వారంటీ కాపాడదు.

ఎవరి వేడి ఎవరి నెత్తిన

ముందువైపు పక్షం వాదన సూటిగా ఉంటుంది. రేడియేటర్ గది గాలి కన్నా చల్లబడలేదు కనుక, దానికి గది గాలినే నేరుగా ఇవ్వాలి. పైవైపు పక్షం దానికి బదులుగా, ప్రాసెసర్ వేడిని మోసుకొచ్చిన గాలి వెళ్లి కార్డు మీద పడుతుంది కదా అంటుంది. రెండూ నిజమే. ఎంత నిజమో తేల్చడానికి కొద్దిపాటి అంకగణితం చాలు.

జాలీ ముఖమున్న మంచి పెట్టె గుండా గంటకు 170 ఘనపు మీటర్ల గాలి కదులుతోందనుకుందాం. ఆ ప్రవాహాన్ని ఒక డిగ్రీ వేడి చేయడానికి సుమారు 57 వాట్లు పడతాయి. గేమ్ నడుస్తున్నప్పుడు ప్రాసెసర్ 100 వాట్లు, ఆర్‌టీఎక్స్ 4090 తరహా కార్డు 450 వాట్లు విడుస్తున్నాయనుకోండి. రేడియేటర్ ముందుంటే కార్డుకు చేరే గాలి రెండు డిగ్రీల లోపే వేడెక్కుతుంది. పైనుంటే, కార్డు వేడి కలిసిన గాలి దాదాపు ఎనిమిది డిగ్రీలు ఎక్కువ వేడితో రేడియేటర్‌ను చేరుతుంది. ఒకరికి రెండు నష్టం, ఇంకొకరికి ఎనిమిది. అంకెలు చూస్తే ముందువైపే గెలిచినట్టు.

అయితే ఎవరికి ఎంత వెసులుబాటు ఉందో ఆ అంకెలు చెప్పవు. 100 వాట్ల ప్రాసెసర్‌కు 360 రేడియేటర్ ఉంటే అది 70 డిగ్రీల నుంచి 78కి పోయినా ఆటలో తేడా రాదు. పెట్టెలో మోతంతా కార్డు ఫ్యాన్లదే కనుక, అక్కడ రెండు డిగ్రీలు పెరిగినా చెవికి అందే అవకాశం ఉంది. పైగా ముందు ముఖానికి సన్నరేకుల రేడియేటర్ అడ్డం పెడితే లోపలికొచ్చే గాలే తగ్గుతుంది, అది ఈ లెక్కలోకి రాని నష్టం. గేమ్‌ల వరకు పైవైపు పక్షానిదే కొంచెం పైచేయి అనిపించేది అందుకే. ఆ పైచేయి కూడా ప్రాణాల మీదికి తెచ్చుకుని వాదించుకునేంతది కాదు.

ఇప్పుడు పని మార్చి చూద్దాం. ప్రాసెసర్ ఒక్కటే 250 వాట్లతో రెండరింగ్ చేస్తూ కార్డు ఖాళీగా ఉంటే, పైకప్పు రేడియేటర్‌కు కూడా దాదాపు గది గాలే అందుతుంది. ముందుకూ పైకీ తేడా చాలా తక్కువ. రెండూ ఒకేసారి పూర్తి బరువుతో నడిస్తే కథ వేరు. పైనున్న రేడియేటర్‌కు ఎనిమిది డిగ్రీలు ఎక్కువ వేడి గాలి, అప్పటికే 90 దగ్గరున్న ప్రాసెసర్‌కు ప్రమాదం. ముందుంటే కార్డు నెత్తిన నాలుగున్నర డిగ్రీలు. బిగించే చోటు నిజంగా ఫలితాన్ని మార్చేది ఈ మూడో సందర్భంలోనే. అలాంటి పని రోజూ చేసేవాళ్లు తక్కువ. కానీ పరీక్షలు చేసేవాళ్లలో కొందరు ప్రాసెసర్‌ను ఒక్కదాన్నే, కొందరు రెండింటినీ, కొందరు గేమ్‌ను నడిపి ‘ఏది మేలు’ అని ఒకే ప్రశ్నకు మూడు జవాబులిస్తున్నారు.

ఇదే పెట్టెకు జాలీ ముఖం తీసేసి గాజు ముఖం పెట్టి, గాలి సగానికి పడిపోతే పై అంకెలన్నీ రెట్టింపవుతాయి. రెండు నాలుగు, ఎనిమిది పదహారు. ముందా పైనా అని తలలు పట్టుకునే ముందు ఆ గాజు ముఖం సంగతి తేల్చుకుంటే వచ్చే లాభం ఎక్కువ. అందం కోసం ఊపిరి బిగించిన పెట్టెలో రేడియేటర్ ఎక్కడున్నా దండగే.

పంపు, గాలి బుడగ

2020లో అమెరికాకు చెందిన గేమర్స్ నెక్సస్ ఏఐవో బిగింపు తీరుపై చేసిన వీడియో పెద్ద దుమారం రేపింది. దాని సారాంశం ఇది. సీలు వేసిన కూలర్‌లో ఎప్పుడూ కాస్త గాలి ఉంటుంది. గొట్టాల గోడల గుండా నీరు ఏళ్ల తరబడి మెల్లగా ఆవిరై పోతుంటే ఆ గాలి పెరుగుతుంది. గాలి ఎప్పుడూ అన్నిటికన్నా ఎత్తయిన చోటికే చేరుతుంది. ఆ ఎత్తయిన చోట పంపే ఉంటే అది తడి లేకుండా తిరిగి, శబ్దం చేసి, చివరికి చెడిపోతుంది.

దీనితో పక్షాలన్నీ ఒప్పుకునే అరుదైన నియమం ఒకటి స్థిరపడింది: రేడియేటర్‌లో కొంత భాగమైనా పంపు కన్నా ఎత్తులో ఉండాలి. పైకప్పు బిగింపు దీన్ని ఇట్టే తీరుస్తుంది. పెట్టె అడుగున ఏఐవో రేడియేటర్ పెట్టడం తప్పు. ముందువైపు బిగిస్తే గొట్టాలు కిందికి ఉండడం ఉత్తమం, ఎందుకంటే గాలి పై తొట్టెలో చిక్కుకుని నీటి దారికి దూరంగా ఉంటుంది. గొట్టాలు పైకున్నా రేడియేటర్ కొస పంపు కన్నా ఎత్తులో ఉంటే పంపుకు ప్రమాదం లేదు, గుడగుడమని చప్పుడు రావచ్చు. ఆ వీడియో తర్వాత కొందరు గొట్టాలు పైకుంటే కూలర్ చచ్చిపోతుందని ప్రచారం చేశారు. అసలు చెప్పింది అది కాదు.

విడి భాగాలతో కట్టుకునే కస్టమ్ లూప్‌కు ఈ బెడద తక్కువ. నీటి తొట్టెను పంపుకు పైన పెడితే గాలి అక్కడికి చేరుకుంటుంది, రేడియేటర్ అడుగునున్నా ఫర్వాలేదు. అక్కడి వాదాలు వేరు. ప్రాసెసర్, కార్డు, రేడియేటర్ ఏ వరుసలో రావాలన్నది వాటిలో పాతది. నిమిషానికి ఒక లీటరు నీరు 250 వాట్లు మోస్తే మూడున్నర డిగ్రీలే పెరుగుతుంది, ప్రవాహం ఎక్కువైతే ఇంకా తక్కువ. లూప్ అంతా దాదాపు ఒకే వేడిలో ఉంటుంది కనుక ఈ వాదన ముగిసినట్టే. గొట్టం దగ్గరి దారిన పోతే చాలు.

మందం, తోపుడు, లాగుడు

ఇక్కడ ఎక్కువసేపు ఆగనక్కర్లేదు. మందపు రేడియేటర్ ఫలితమివ్వాలంటే ఫ్యాన్లు జోరుగా తిరగాలి. మెల్లగా తిరిగే ఫ్యాన్లకు 30 మిల్లీమీటర్ల మందం, దూరదూరంగా ఉన్న రేకులు చాలు. ఉన్న చోటును మందానికి ఖర్చుపెట్టడం కన్నా వైశాల్యానికి ఖర్చుపెట్టడం మేలన్నది దాదాపు అందరి మాట. ఫ్యాన్ తోసినా లాగినా వేడి తేడా చాలా కొద్ది. లాగే బిగింపులో రేకుల ముఖం బయటికి కనిపిస్తుంది కనుక దుమ్ము తుడవడం తేలిక. రెండువైపులా ఫ్యాన్లు పెడితే సన్నని రేడియేటర్ మీద లాభం స్వల్పం, ఖర్చు, చోటు మాత్రం రెట్టింపు.

ప్రాసెసర్‌కు, కార్డుకు ఒక్కో 120, ఆపైన ఇంకో 120 చాలన్న పాత సూత్రం మాత్రం కాలం చెల్లింది. నీటికి, గాలికి పది డిగ్రీల తేడాతో ఒక్కో 120 ముక్క సుమారు 100 వాట్లు వదిలించుకుంటుందన్నది ఔత్సాహికుల్లో చలామణిలో ఉన్న అంచనా. 700 వాట్ల యంత్రానికి ఆ లెక్కన ఏడు ముక్కలు కావాలి. మూడు 360ల పెట్టెలు ఊరికే పుట్టలేదు.

పక్కన, బయట

ఓ11 తరహా పెట్టెలు ముందు-పైన అన్న జంటకు మూడో దారి చూపాయి. పక్కనుంచి లాగే రేడియేటర్, అడుగునుంచి కార్డుకు నేరుగా చల్లగాలి ఊదే ఫ్యాన్లు, పైనుంచి బయటికి పోయే వేడి. ప్రాసెసర్, కార్డు దేని గాలి దానికి అందే ఈ అమరిక ఇప్పటికి అన్నిటిలోకీ న్యాయంగా కనిపిస్తోంది. వెల ఏమిటంటే పెట్టె వెడల్పు. చిన్న పెట్టెల వాళ్లకు ఆ విలాసం లేదు. లియన్ లీ ఏ4-హెచ్2ఓ లాంటి 11 లీటర్ల పెట్టెలో 240కి ఒకే ఒక్క చోటుంటుంది, వాదనకు తావే ఉండదు.

మరోపక్క రేడియేటర్ మళ్లీ బయటికి నడుస్తోంది. జర్మనీ సంస్థ వాటర్‌కూల్ తయారుచేసే మోరా రకం తొమ్మిది 120 ఫ్యాన్ల పలకను బల్ల కింద పెట్టి, త్వరగా ఊడదీసే కప్లింగ్‌లతో కలుపుకునేవాళ్లు ఉన్నారు. కార్డు ఒక్కటే 575 వాట్లకు చేరిన ఆర్‌టీఎక్స్ 5090 కాలంలో ఈ పద్ధతి వెర్రిగా కనిపించడం మానేసింది.

38 డిగ్రీల గదిలో

పైన చెప్పుకున్న పరీక్షలు ఎక్కువగా 20 నుంచి 23 డిగ్రీల గదుల్లో జరిగినవి. మే నెలలో ఏసీ లేని విజయవాడ గదిలో, రామగుండం గదిలో 38 మామూలే. చిప్‌కు, గదికి మధ్య తేడా ఇంచుమించు అంతే ఉంటుంది కనుక, 22 డిగ్రీల్లో 84 చూపిన ప్రాసెసర్ ఇక్కడ వందకు చేరుతుంది. ఇంటెల్ కోర్ ఐ9లు వేగం తగ్గించుకునే హద్దు కూడా అదే. అక్కడ పరవాలేదనిపించుకున్న పైకప్పు బిగింపు, హైదరాబాద్ విజువల్ ఎఫెక్ట్స్ స్టూడియోలో ఏసీ ఆపేశాక తెల్లవార్లూ నడిచే రెండరింగ్ యంత్రానికి సరిపోకపోవచ్చు. కార్డు కూడా అదే పనిలో మునిగి ఉంటే మన దగ్గర ముందువైపుకు, పక్కవైపుకు మొగ్గడానికి కారణం బలంగానే ఉంది.

దుమ్ము ఇంకో సంగతి. లోపలికి లాగే రేడియేటర్ ముందు జాలీ లేకపోతే కొన్ని నెలల్లోనే రేకుల మధ్య పొర కడుతుంది. బయటికి తోలేది దీనికన్నా శుభ్రంగా ఉంటుంది. సముద్రతీరపు తేమకు మాత్రం జంకనక్కర్లేదు. నీళ్లు గది గాలి కన్నా చల్లబడవు కనుక గొట్టాల మీద చెమట పట్టదు. కస్టమ్ లూప్‌లో బోరు నీళ్లు పోయడం మాత్రం వద్దు. వాటిలోని లవణాలు రాగి పలకలోని సన్నకాలువల్లో గడ్డకడతాయి.

ఇంకా తేలనివి

గొట్టాల దిశ వల్ల కూలర్ ఆయుష్షు ఎన్నేళ్లు మారుతుందన్నది తర్కంతో చెబుతున్నదే తప్ప, వేల కూలర్లను ఐదారేళ్లు గమనించి చెప్పిన మాట కాదు. కంపెనీల దగ్గర వారంటీకి తిరిగొచ్చిన సరుకు లెక్కలుంటాయి, వాటిని బయటపెట్టడం వాళ్లకు లాభం కాదు. ఫ్యాన్ల మోతను సమానం చేసి, మూడు రకాల పనుల మీదా ఒకే పెట్టెలో అన్ని చోట్లనూ పోల్చే పద్ధతి కూడా ఇంకా అలవాటుగా మారలేదు.

అన్నిటికన్నా మొండి ప్రశ్న రెండు ఏఐవోలది. ఏఎండీ 2014లో ఆర్9 295ఎక్స్2ను, మరుసటి ఏడాది ఫ్యూరీ ఎక్స్‌ను 120 రేడియేటర్‌తోనే అమ్మింది. ఇప్పుడు కొన్ని కార్డులు 240, 360 రేడియేటర్లతో వస్తున్నాయి. ప్రాసెసర్‌కు ఒకటి, కార్డుకు ఒకటి ఉన్నప్పుడు చల్లగాలి ఎవరికి? వేడి ఎక్కువ కార్డుది కనుక దాన్ని ముందు, ప్రాసెసర్‌ది పైన పెట్టమని లెక్క చెబుతుంది. అప్పుడు కార్డు విడిచే నాలుగైదు వందల వాట్లూ ముందు నుంచే లోపలికొచ్చి ప్రాసెసర్ రేడియేటర్ మీద పడతాయి. తారుమారు చేస్తే ఆ బాధ తీరుతుంది కానీ, కార్డు గొట్టాలు పైకప్పుకు అందాలి, ప్రాసెసర్ గొట్టాలు కిందికి తిప్పి ముందు రేడియేటర్ అడుగు దాకా చాలాలి. చాలా కూలర్ల గొట్టాలు 400 మిల్లీమీటర్ల దగ్గరే ఆగిపోతున్నాయి.